మాటల లెక్క నుంచి అసమీకరణానికి

గణిత ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం.

అసమీకరణం (ఏది ఎక్కువో, ఏది తక్కువో ≤, ≥ లాంటి గుర్తుతో చెప్పేది) చేతికిస్తే పిల్లలు చాలావరకు సాధిస్తారు. వాక్యం చదివి గుర్తు రాసే చోటే లెక్క తప్పుతుంది. మన పాత బీజగణితంలో తెలియని రాశిని యావత్తావత్ అనేవారు, క్లుప్తంగా ‘యా’. ఇక్కడ నేనూ అదే వాడతాను.

‘కనీసం’ అనగానే ‘తక్కువ’ గుర్తొచ్చి చెయ్యి ≤ వైపు పోతుంది. మాటకో గుర్తు చొప్పున పట్టిక బట్టీ పట్టిస్తే ఈ పొరపాటు పోదు. హద్దు దగ్గర మూడు సంఖ్యలు పెట్టి చూడమనండి. పదో తరగతి గణితంలో వందకు కనీసం 35 రావాలి. 34 వస్తే పాసా? కాదు. 36 వస్తే? పాసే. సరిగ్గా 35? అదీ పాసే. కాబట్టి యా ≥ 35. గుర్తు కింద గీత ఉండాలో వద్దో తేల్చేది ఈ మూడో ప్రశ్నే. ‘మించరాదు’, ‘తక్కువ కాకూడదు’, ‘దాటితే’ అన్నిటికీ ఇదే పరీక్ష చాలు. ‘లోపు’ ఒక్కటే చిక్కు. ‘వారం లోపు’ అంటే ఏడో రోజు కలుస్తుందో లేదో తేలదు. ప్రశ్నపత్రంలో ఆ మాట వాడకపోవడమే మేలు.

ఇంకా లోతైన చిక్కు ‘కంటే’ దగ్గర ఉంది. ‘ఒక సంఖ్య 5 కంటే తక్కువ’ అంటే యా < 5. ‘ఒక సంఖ్య కంటే 5 తక్కువ’ అంటే యా − 5. మొదటిది ఒక విషయాన్ని తేల్చి చెబుతోంది, రెండోది ఉత్త రాశి. రెండూ ఒకే వాక్యంలో వస్తే పిల్లలు తికమకపడతారు: ‘ఒక సంఖ్యకు మూడు రెట్ల కంటే 5 తక్కువైన రాశి, 22 కంటే తక్కువ కాదు.’ ముందు రాశిని కట్టాలి: 3యా − 5. గుర్తు ఆఖరున: 3యా − 5 ≥ 22. అంటే యా ≥ 9.

ఇక జవాబును పూర్ణసంఖ్య చేయడం. ఆరుగురు పట్టే లిఫ్టులో ‘408 కిలోలు’ అని ఉంటుంది, మనిషికి 68 చొప్పున. అందులో 60 కిలోల మనిషి 25 కిలోల బియ్యం బస్తాలు ఎక్కిస్తున్నాడు. 60 + 25యా ≤ 408, యా ≤ 13.92. దగ్గరి సంఖ్య కదా అని 14 రాస్తే బరువు 410, హద్దు దాటింది. జవాబు 13. అదే 230 మంది పిల్లలకు 50 సీట్ల బస్సులైతే 50యా ≥ 230, యా ≥ 4.6. ఇక్కడ పైకి పోవాలి, 5 బస్సులు. కిందికా పైకా అన్నది దశాంశం చెప్పదు, సందర్భం చెబుతుంది.

చివరిగా రుణసంఖ్య. వంద రూపాయలతో 12 రూపాయల పెన్నులు కొన్నాక కనీసం 40 మిగలాలి. 100 − 12యా ≥ 40, అంటే −12యా ≥ −60. రుణసంఖ్యతో భాగిస్తే గుర్తు తిరగబడుతుంది, యా ≤ 5. కారణం సంఖ్యారేఖ మీద కనిపిస్తుంది: 2 < 5, కానీ −2 > −5. కొత్తగా నేర్చుకునేవారికి 12యాను అవతలికి పంపి 60 ≥ 12యా అని రాయించడం నాకు నచ్చిన దారి, భాగించేది ధనసంఖ్యే అవుతుంది. సరిచూసేటప్పుడు విలువను తాము రాసిన అసమీకరణంలో వేయనివ్వకండి. అదే తప్పైతే ఆ తప్పు దాన్లో దొరకదు. ప్రశ్నలోని మాటలతోనే చూడాలి: 5 పెన్నులకు 60, మిగిలేది 40, సరే. 6 పెన్నులకు 72, మిగిలేది 28, కుదరదు.