టికెట్ డబ్బుతోనే అడవి నిలవదు: కెన్యా తీరంలో గాజీ ఊరు చేసిన పని

అందరికీ నమస్కారం. ముందే చెప్పేస్తున్నా, ఎకో టూరిజం అన్న మాట వింటే నాకు కొంచెం అనుమానం. బీచ్ పక్కన వెదురు కుర్చీలు వేసి, ప్లాస్టిక్ స్ట్రాలు తీసేసి, గదికి రెట్టింపు రేటు పెట్టినా దాన్ని ఎకో అనే అంటున్నారు కదా. అందుకే ఈరోజు రిసార్టుల జోలికి పోను. కెన్యా దక్షిణ తీరంలో గాజీ అనే జాలర్ల ఊరి గురించి చెప్తాను.

మొంబాసా నుంచి దక్షిణానికి 50 కిలోమీటర్ల పైచిలుకు, క్వాలె కౌంటీలో ఉంది. దగ్గర్లోనే డియాని బీచ్, పెద్ద హోటళ్లన్నీ అక్కడే. గాజీ ముందు మాత్రం ఒక చిన్న అఖాతం, దాని అంచునంతా మడ అడవి. 1970లలో ఇటుక బట్టీలకి, సున్నం బట్టీలకి కట్టెల కోసం ఈ అడవిని ఎడాపెడా నరికేశారు. ఊళ్లో ఇళ్లకు వాసాలు కూడా మడ కర్రే, ఎందుకంటే అది గట్టిది, చెదలు తొందరగా పట్టదు. నరికిన చోట్ల చాలావరకు చెట్టు దానంతట అది తిరిగి రాలేదు. 1990ల మొదట్లో కెన్యా సముద్ర, మత్స్య పరిశోధనా సంస్థ వాళ్లు ఊరివాళ్లతో కలిసి మళ్లీ నాటడం మొదలుపెట్టారు. మ్కోకో అనే మడ జాతికి (మన కోరింగలోనూ ఉంటుంది, ఉప్పు పొన్న అంటారు) కాయ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి మునక్కాయలా కిందికి వేలాడుతుంది. దాన్ని తెచ్చి బురదలో గుచ్చితే చాలు. చెప్పడానికి ఇంతే. సముద్రం వైపు నాటిన మొక్కల్ని మాత్రం అలలు పీకేస్తుంటాయి, మళ్లీ నాటాలి, మళ్లీ పీకేస్తాయి.

టూరిజం ఇక్కడికి ఎలా వచ్చిందంటే, ఊళ్లో ఆడవాళ్ల సంఘం ఒకటి మడ అడవి మధ్యలోంచి చెక్కల బాట వేయించుకుని తామే నడుపుతోంది. వచ్చినవాళ్లు టికెట్ కొని నడుస్తారు, పీతల్ని, వేళ్లని చూస్తారు, చెప్పి పెడితే చేపా కొబ్బరి పాలతో స్వాహిలీ భోజనం కూడా పెడతారు. ఆ డబ్బు సంఘానిది. ఇది నాకు బాగా నచ్చింది, ఎందుకంటే అడవిని చూపించేవాళ్లూ డబ్బు లెక్కపెట్టుకునేవాళ్లూ ఒకరే.

కానీ ఇక్కడే ఒక చిక్కుంది. 2014 మే నెలలో భద్రత బాగాలేదని, మొంబాసా వెళ్లొద్దని బ్రిటన్ ప్రభుత్వం తన పౌరులకు చెప్పింది. అంతే, టూర్ కంపెనీలు సెలవుల మధ్యలోనే జనాన్ని విమానాలెక్కించి తీసుకెళ్లిపోయాయి. 2020లో కరోనా సంగతి చెప్పక్కర్లేదు. ఎక్కడో లండన్‌లో ఒక ఆఫీసులో తీసుకున్న నిర్ణయంతో ఈ తీరంలో పొయ్యి వెలగకుండా పోతుంది. టూరిస్టు రాకపోయినా మడ కర్రకి మాత్రం ధర పలుకుతూనే ఉంటుంది, మరి ఆ ఏడాది అడవిని ఎవడు కాపాడతాడు? పైగా ఉప్పునీళ్లలో చెక్కలు కుళ్లిపోతాయి, బాట రిపేరుకి కూడా డబ్బు కావాలి.

గాజీ తెలివంతా ఇక్కడుంది. పక్కనున్న మకొంగెనితో కలిసి 2013లో మికోకో పమోజా అనే ప్రాజెక్టు మొదలుపెట్టారు. మడ అడవిని కాపాడి కార్బన్ క్రెడిట్లు (అడవి గాల్లోకి పోకుండా ఆపిన కార్బన్‌కి లెక్క కట్టి ఇచ్చే పత్రాలు, తమ పొగకి బదులుగా కంపెనీలు కొనుక్కుంటాయి) అమ్మిన మొదటి గ్రామస్థాయి ప్రాజెక్టుగా దానికి ప్రపంచంలో పేరు. 117 హెక్టార్ల అడవి, దాని మీద ఏడాదికి సుమారు 3,000 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కి క్రెడిట్ల లెక్క. మడ అడవిలో కర్బనం ఎక్కువగా ఉండేది చెట్టులో కాదు, కింద బురదలో. ఆ బురదలో గాలి ఆడదు కాబట్టి ఆకులూ వేళ్లూ తొందరగా కుళ్లవు, వందల ఏళ్లు అలాగే పేరుకుంటాయి. చెట్టు కొట్టేస్తే ఆ నిల్వ కూడా మెల్లగా గాల్లోకి పోతుంది.

ఇందులో ఊరివాళ్ల హక్కు సంగతి చాలామంది వదిలేస్తారు. కెన్యాలో మడ అడవులు 1932 నుంచీ ప్రభుత్వ అడవులే. 2005 అటవీ చట్టం వచ్చాకే ఊరి సంఘాలు అటవీ శాఖతో ఒప్పందం రాసుకుని అడవి చూసుకునే వీలు దొరికింది. ఆ కాగితం లేకపోతే క్రెడిట్ అమ్మడానికి వీళ్లెవరు?

మొదట్లో వచ్చిన డబ్బు ఏడాదికి 12 వేల డాలర్లు అటూ ఇటూ, అంటే మన లెక్కలో 10 లక్షలు. పెద్ద మొత్తమేం కాదు, నిజం చెప్పాలంటే రెండు ఊళ్లకి చాలా తక్కువ. కానీ దాన్ని ఎలా ఖర్చుపెట్టాలో ఊరి జనం సభ పెట్టుకుని తేల్చుకుంటారు. మంచినీళ్ల కుళాయిలు వచ్చాయి, బడికి పుస్తకాలు వచ్చాయి. కుళాయి దగ్గర బిందె పట్టుకున్న మనిషికి అడవి ఎందుకు కావాలో ఉపన్యాసం అక్కర్లేదు కదా. మరి వంటచెరుకు, వాసాలు ఎక్కడినుంచి అంటారా? సరుగుడు నాటారు. మన తీరంలో సర్వి తోటలు చూసినవాళ్లకి అది కొత్తేం కాదు. మడ కొట్టొద్దు అని బోర్డు పెట్టి ఊరుకోకుండా బదులు కర్ర చూపించారు, నన్నడిగితే ఇదే అసలు పని.

కార్బన్ క్రెడిట్ల మీద నాకూ అభ్యంతరాలున్నాయి. ఎక్కడో ఒక కంపెనీ తన పొగ తగ్గించకుండా గాజీ బురద పేరు చెప్పి చేతులు కడుక్కోవచ్చు. ధర కూడా కొనేవాడి చేతిలోనే ఉంటుంది. అయినా టికెట్ ఒకటే ఆధారమైన ఊరికన్నా, టికెట్టూ క్రెడిట్టూ చేపా మూడూ ఉన్న ఊరు నయం, ఒకటి పోతే ఇంకోటి ఆదుకుంటుంది. 2017లో ఈ మికోకో పమోజాకి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ (ప్రకృతిని కాపాడుకునే ఊరి సంఘాలకి ఇచ్చే బహుమతి) ఇచ్చింది. 2019లో ఇంకా దక్షిణాన, టాంజానియా సరిహద్దు దగ్గర వంగా ఊళ్లో 460 హెక్టార్లతో ఇలాంటిదే మొదలైంది, అంటే పక్క ఊళ్లకూ ఇది లాభసాటిగానే కనిపించిందన్నమాట.

కోరింగలో చెక్కల బాట మీద నడిచినవాళ్లు ఇక్కడ చాలామంది ఉంటారు. అక్కడి టికెట్ డబ్బులో చుట్టుపక్కల ఊళ్లకి ఎంత వెళ్తుంది, అది ఎవరు తేలుస్తారు, సరుగుడు లాంటి బదులు కర్ర ఏ ఊరికి ఉంది? వివరాలు తెలిసినవాళ్లు ముందు చెప్పండి. కార్బన్ లెక్కల మీద ప్రశ్నలు ఆ తర్వాత తీసుకుంటాను.