బ్రేకియల్ ప్లెక్సస్ ఎమ్మారై: ముందు సాజిటల్ తెరవండి

బ్రేకియల్ ప్లెక్సస్ (మెడ నుంచి చేతికి వెళ్లే నరాల అల్లిక) ఎమ్మారై రిపోర్ట్ చేయాలంటే చాలామందికి టెన్షన్, ఎందుకంటే నరాలు ఏటవాలుగా దిగుతాయి, ఏ ఒక్క ఇమేజ్‌లోనూ మొత్తం దొరకదు. అందరూ కొరోనల్ (ఎదురుగా చూసినట్టుండే స్లైస్‌లు) తెరుస్తారు. మీరు సాజిటల్ (పక్కనుంచి చూసినట్టుండే స్లైస్‌లు) టీ1 వెయిటెడ్ సిరీస్, అంటే కొవ్వు తెల్లగా కనిపించేది, తెరిచి, మెడ నుంచి చంక వైపు ఒక్కో స్లైస్ నాతోపాటు జరపండి.

ఇదిగో, కర్సర్ దగ్గర మొదటి పక్కటెముక మెడ భాగం. దానికి పైనున్న చుక్క సి8 రూట్ (వెన్నుపాము నుంచి వచ్చే నరం మొదలు; సి అంటే మెడ, టి అంటే ఛాతీ లెవెల్), కిందది టి1. ఈ రెండూ దొరికాయంటే పైకి లెక్కపెట్టుకుంటూ సి5 దాకా వెళ్లిపోవచ్చు. ఇంకాస్త బయటికి రండి, ముందు యాంటీరియర్ స్కేలీన్, వెనక మిడిల్ స్కేలీన్ అనే మెడ కండరాలు, మధ్య సందులో సబ్‌క్లేవియన్ ఆర్టరీ, దానికి పైన, వెనక ట్రంక్‌లు: సి5, సి6 కలిస్తే అప్పర్, సి7 ఒక్కటే మిడిల్, సి8, టి1 కలిస్తే లోయర్. సబ్‌క్లేవియన్ వెయిన్ ఈ సందులోకి రాదు, యాంటీరియర్ స్కేలీన్‌కి ముందే ఉండిపోతుంది. క్లావికిల్ (కాలర్‌బోన్) వెనక ట్రంక్‌లు చీలిన డివిజన్‌లు విడివిడిగా కనిపించడం కష్టం, అక్కడ ఎక్కువసేపు ఆగకండి. అది దాటాక యాక్సిలరీ ఆర్టరీ చుట్టూ, డివిజన్‌లు కలిసి ఏర్పడిన మూడు కార్డ్‌లు.

ఇప్పుడు స్టిర్, అంటే కొవ్వును నల్లబరిచి వాపును తెల్లగా చూపే సిరీస్. మెడ, భుజం ఒంపుల దగ్గర అయస్కాంత క్షేత్రం సమానంగా ఉండదు కాబట్టి కొవ్వును నల్లబరిచే మామూలు పద్ధతి, ఫ్యాట్ శాట్, తరచూ ఫెయిలవుతుంది, అందుకే స్టిర్. ఆరోగ్యంగా ఉన్న నరం కూడా స్టిర్‌లో కండరం కన్నా కొంచెం తెల్లగానే ఉంటుంది, అది చూసి జబ్బు అని రాసేయకండి, రెండో పక్కతో పోల్చండి.

దెబ్బ లేకుండా హఠాత్తుగా భుజం నొప్పి, ఆ తర్వాత చెయ్యి బలహీనం అంటే పార్సనేజ్ టర్నర్ (ప్లెక్సస్ నరాలకు వచ్చే వాపు జబ్బు) గుర్తుకు రావాలి. ప్లెక్సస్ మామూలుగానే కనిపించొచ్చు, భుజం కండరాలు సుప్రాస్పైనేటస్, ఇన్‌ఫ్రాస్పైనేటస్ స్టిర్‌లో తెల్లబడ్డాయేమో చూడండి. రేడియేషన్ తీసుకున్నవాళ్లలో నరాలు పొడవునా సమానంగా మందమైతే రేడియేషన్ ప్రభావం, ఒకచోట గడ్డలా ఉంటే ట్యూమర్ తిరగబెట్టిందని అనుమానించాలి.

ఇక యాక్సిడెంట్ కేసు. సర్జన్ మీ రిపోర్ట్‌లో ముందు వెతికేది, తెగింది గ్యాంగ్లియన్‌కి (వెన్నెముక దగ్గర రూట్ మీదుండే నరకణాల ముద్ద) ముందా, తర్వాతా అని. తర్వాత తెగితే గ్రాఫ్ట్ (వేరేచోటి నరం ముక్క) వేసే అవకాశం ఉంటుంది. గ్యాంగ్లియన్‌కి ముందే, అంటే రూట్ వెన్నుపాము దగ్గరే ఊడిపోతే సాధారణంగా దాన్ని తిరిగి అతికించలేరు, పనిచేస్తున్న ఇంకో నరాన్ని తెచ్చి కలపాలి. అందుకే సన్నని స్లైస్‌లతో సిస్ లేదా ఫియెస్టా (సీఎస్ఎఫ్, అంటే వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవం, బాగా తెల్లగా చూపే సిరీస్‌లు) తప్పకుండా తీయించండి. తెల్లటి సీఎస్ఎఫ్ మధ్య రూట్‌లెట్‌లు (కలిసి రూట్ అయ్యే పోగులు) సన్నని నల్లగీతల్లా కనిపించాలి, ప్రతి లెవెల్‌లో, ముందువీ వెనకవీ విడిగా చూడాలి. సూడోమెనింగోసీల్ (పొర చిరిగి సీఎస్ఎఫ్ చేరిన సంచి) కనిపిస్తే అనుమానం బలపడుతుంది గానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు, అది లేకుండా కూడా రూట్ ఊడొచ్చు, అది ఉన్నా రూట్ నిలిచి ఉండొచ్చు.

చాలామంది కన్ను పడనిది మల్టిఫిడస్ (వెన్నెముక వెంట ఉండే కండరం) మీద. దానికి నరం డోర్సల్ రేమస్ (వెన్ను నరం వెనక కొమ్మ) నుంచి వస్తుంది, అది ప్లెక్సస్ మొదలవకముందే వెనక్కి విడిపోతుంది కాబట్టి దెబ్బ ప్లెక్సస్ వరకే ఉంటే ఈ కండరం మామూలుగా ఉంటుంది, రూట్ ఊడితే మాత్రం స్టిర్‌లో తెల్లబడి, తర్వాత సన్నబడిపోతుంది. రిపోర్ట్‌లో ఏ లెవెల్, ఏ పక్క, గ్యాంగ్లియన్‌కి ముందా తర్వాతా అన్నది తెరిచి రాయండి. ఉత్త ‘ప్లెక్సస్ ఇంజురీ’ అని వదిలేస్తే ఆ చేతికి ఏ ఆపరేషన్ చేయాలో సర్జన్ తేల్చుకోలేరు.