మామిడి కింద మడి

అక్క: ఈ వారం మనం మాట్లాడదామనుకున్నది, కొత్తగా పెరడు మొదలుపెట్టేవాళ్ళు మొదటి ఏడాది ఏం నాటాలని.

తమ్ముడు: చెట్లయితే ఏమీ వద్దు. ముందు ఎండ ఎక్కడ పడుతుందో ఏడాదంతా చూసుకోమను. ఎండాకాలం నీడ వేరు, చలికాలం నీడ వేరు. పాదులూ ఆకుకూరలూ పెట్టుకోవచ్చు, కుదరకపోతే పీకేయొచ్చు. చెట్టు అలా కాదు. అది సరే, మామిడి కొమ్మలు కొట్టించావా?

అక్క: లేదు.

తమ్ముడు: అక్కా, తూర్పు మడంతా నీడలో పడిపోయింది. వంగకి రోజుకి 6 గంటలైనా ఎండ తగలాలి. నీ మొక్కలు సన్నగా సాగాయే గానీ పూతేది?

అక్క: 11 ఏళ్ళ చెట్టురా. అంటు నాటినప్పుడు నా మోకాలెత్తు లేదు. వేరు కుదురుకోవాలని మొదటి రెండేళ్ళ పూతంతా నా చేత్తోనే తుంచేశాను.

తమ్ముడు: చెట్టు కొట్టమన్నానా? పక్కకొచ్చిన రెండు కొమ్మలే. కాయలు దిగిన వెంటనే తీస్తే కొత్త చిగురు ముదిరి పూతకి అందుకుంటుంది. ఆలస్యమైతే ఆ కొమ్మలకి వచ్చే ఏడు పూత రాదు.

అక్క: వంగ మడినే జరుపుతా. అక్కడ పసుపు, అల్లం పెడతా. వాటికి కాస్త నీడున్నా పరవాలేదు.

తమ్ముడు: పదేళ్ళు ఆకులేసి చేసుకున్న మట్టి అది!

అక్క: వచ్చాడమ్మా ఆకుల దగ్గరికి.

తమ్ముడు: వస్తాను. మొన్న నువ్వు ఊడ్చి గోనెలకెత్తుతుంటే ప్రాణం ఉసూరుమంది. డార్విన్ 1842లో పొలంలో సుద్దముక్కలు చల్లించాడు. 1871లో గొయ్యి తవ్వించి చూస్తే ఆ తెల్లచార 7 అంగుళాల లోతున ఉంది. 29 ఏళ్ళు వానపాములు కింది మట్టి పైకి తెచ్చి తెచ్చి కప్పేశాయి. వాటి మేతే నువ్వు గోనెలకెత్తింది.

అక్క: నిన్న పొద్దున ఆ మడిలో చెయ్యి పెట్టాను. ఆకుల కింద చల్లగా, తడిగా... వేళ్ళు మొదలంటా దిగిపోయాయి. ఒకప్పుడు గునపం దిగేది కాదక్కడ.

తమ్ముడు: నీ అరిచేతులు బొబ్బలెక్కాయి.

అక్క: రాత్రి నీళ్ళు పెట్టి పొద్దున తవ్వమన్నది నాన్నే.

తమ్ముడు: ఊఁ.

అక్క: సరే, ఒక కొమ్మ తీద్దాం. గోడవైపుది.

తమ్ముడు: రెండూ.

అక్క: ఒక్కటే. రెండోదాని మీద పిగిలిపిట్ట గూడుంది.

తమ్ముడు: గూడా? గుడ్లున్నాయా, పిల్లలా?

అక్క: తల్లి లేస్తేగా తెలిసేది.

తమ్ముడు: ఉండు, కిటికీలోంచి కనపడుతుందేమో...