అత్తగారి బూరె, మైక్రోవేవ్ పెట్టె

శ్రోతలకు నమస్కారం. మాది బరంపురం. రైలు ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వచ్చాక తగిలే మొదటి పెద్ద ఊరు. అప్పడాలకీ పచ్చళ్లకీ పట్టుచీరలకీ పేరున్న ఊరు, గేట్ బజార్‌లో బేరం ఒడియాలో ఆడి, ఆ బేరంలో ఎంత మోసపోయామో ఇంటికొచ్చి తెలుగులో చెప్పుకునే ఊరు. అయితే ఇవాళ నేను మాట్లాడబోయేది ఊరి గురించి కాదు, మా వంటింట్లో ఫ్రిజ్ పక్కన కూర్చున్న మైక్రోవేవ్ ఓవెన్ గురించి.

అది కొన్న రోజు సాయంత్రం పిల్లలిద్దరూ దాని చుట్టూ తిరుగుతుంటే నేను పప్పు వేడి చేద్దామని గిన్నె తీశాను. స్టీల్ గిన్నె. పనికిరాదు. ఇంకోటి తీశాను, అదీ స్టీలే. మా పెళ్లికి వచ్చిన స్టీలు, మా అత్తగారి పెళ్లికి వచ్చిన ఇత్తడి, తర్వాత ఎవరెవరో పేర్లు చెక్కించి ఇచ్చిన స్టీలు, ఆఖరికి ఇల్లంతా వెతికితే ఆ పెట్టెలో పెట్టదగ్గ గిన్నె ఒక్కటి లేదు! లోహం కానిది మా ఇంట్లో ఆవకాయ జాడీ ఒక్కటే. మైక్రోవేవ్ కొనేటప్పుడు షాపువాడు బటన్లన్నీ చూపిస్తాడు కానీ, "అమ్మా, మీ ఇంట్లో గాజు గిన్నెలున్నాయా?" అని అడగడు. అడగాల్సిన ప్రశ్న అదొక్కటే అని నా అభిప్రాయం.

స్టీల్ ఎందుకు వద్దంటే, ఆ పెట్టెలో పుట్టే తరంగాలు లోహంలోంచి లోపలికి పోవు, అద్దం మీద వెలుగు పడ్డట్టు పడి వెనక్కి తిరుగుతాయి. గిన్నె గోడల చాటున పప్పు చల్లగానే ఉంటుంది. అంచులూ మొనలూ ఉన్న లోహమైతే నిప్పురవ్వలు కూడా వస్తాయి. ఈ సంగతి నాకు పుస్తకం చదివి తెలియలేదు. తర్వాత ఎవరో బహుమతిగా పింగాణీ కప్పులిచ్చారు, అంచున సన్నటి బంగారు గీత. పింగాణీయే కదా అని పాలు పోసి పెట్టాను. పది సెకన్లు కాలేదు, ఆ గీత పొడుగునా చిటచిటమని నీలం రవ్వలు పరిగెత్తాయి, మా చిన్నాడు "అమ్మా, దీపావళి!" అని చప్పట్లు కొట్టాడు. ఆపి చూస్తే గీత అక్కడక్కడ నల్లగా మాడింది. ఆ కప్పులు ఇప్పుడు షోకేసులో ఉన్నాయి, ఎవరైనా వస్తే మాడిన వైపు గోడకి తిప్పి పెడతాను.

ఇక బూరె సంగతి. మా అత్తగారికి ఆ పెట్టె మీద మొదటి నుంచీ అనుమానమే. "నిప్పు లేదు, పొగ లేదు, ఏటమ్మా ఇది, అన్నం ఎలా వేడెక్కుతాది?" అనేవారు. మెషిన్ తిరుగుతున్నంతసేపూ వంటింటి గడపకి అవతలే నిలబడేవారు. శ్రావణ శుక్రవారం బూరెలు చేశాం, మిగిలినవి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు పొద్దున్న ఒక ప్లేటులో నాలుగు పెట్టి నిమిషం వేడి చేశాను. ఆవిడ పైన తాకి చూశారు. గోరువెచ్చగా ఉంది. "ఏటీ వేడెక్కలేదే" అని సగం కొరికారు. లోపల పూర్ణం కొలిమిలోంచి తీసినట్టుంది. పాపం, రెండు రోజులు నాలుక బొబ్బతో మజ్జిగన్నం తిన్నారు, ఆ రెండు రోజులూ నాతో ఎక్కువ మాట్లాడలేదు, అది నాలుక వల్లా కోపం వల్లా అని నేనూ అడగలేదు.

"ఇది లోపల్నుంచి ఉడికిస్తాది" అని ఆవిడ తీర్పు ఇచ్చేశారు. చాలామంది అలాగే అనుకుంటారు. నిజానికి కాదు. ఆ తరంగాలు ఏ పదార్థంలోకైనా పై నుంచే వెళ్తాయి, రెండు మూడు సెంటీమీటర్లు పోయేసరికి బలం తగ్గిపోతుంది, అందుకే పెద్ద గిన్నె నిండా పప్పు పెడితే నడుమ చల్లగా ఉండిపోతుంది, ఆగి ఆగి కలపాలి. మరి బూరె అంత చిన్నది కదా, తరంగం దాన్ని దాటి పోగలదు. పై తోపు వేగి ఆరిపోయి ఉంటుంది, దాంట్లో నీళ్లు తక్కువ. పూర్ణంలో శనగపప్పు తడి ఉంది, బెల్లం పాకం ఉంది. మైక్రోవేవ్‌కి అన్నిటికంటే బాగా చిక్కేది తడి. నీటి అణువుకి ఒక కొసన కాస్త ధన విద్యుదావేశం, ఇంకో కొసన కాస్త ఋణ విద్యుదావేశం. పెట్టెలో విద్యుత్ క్షేత్రం సెకనుకి 245 కోట్ల సార్లు అటూ ఇటూ ఊగుతుంటే, ఈ అణువులు దానితోపాటు తిరగాలని చూస్తాయి, పక్కవాటిని ఢీకొంటాయి, ఆ తొక్కిసలాటే వేడి. రథయాత్రనాడు జనం మధ్య చిక్కుకున్నవాళ్లకి నేను ఇంకేమీ వివరించక్కర్లేదు.

ఆ మాటకొస్తే ఈ యంత్రం పుట్టిందే ఒక తీపి కరగడంతో. రెండో ప్రపంచయుద్ధ కాలంలో రాడార్ కోసం, ఇలాంటి తరంగాలనే పుట్టించే మాగ్నెట్రాన్ అనే గొట్టాలు తయారుచేసేవారు. అమెరికాలో రేథియాన్ కంపెనీలో పెర్సీ స్పెన్సర్ అనే ఇంజనీరు, పెద్దగా బడి చదువు లేనివాడు, 1945లో నడుస్తున్న మాగ్నెట్రాన్ దగ్గర నిలబడితే జేబులో చాక్లెట్ కరిగిపోయిందని చెబుతారు. ఇంకొకరైతే చొక్కా పాడైందని తిట్టుకుని ఊరుకునేవారు. ఆయన మొక్కజొన్న గింజలు తెప్పించి దాని ముందు పెడితే పేలాలయ్యాయి, గుడ్డు పెడితే పేలిపోయింది. 1947లో అమ్మకానికి వచ్చిన మొదటి ఓవెన్ మనిషెత్తు ఉండేది, బరువు సుమారు 340 కిలోలు, అంటే హోటళ్లకీ ఓడలకీ తప్ప ఇంటికి పనికిరాదు. వంటింటి గట్టు మీద పట్టే సైజు 1967లో గానీ రాలేదు.

గుడ్డు విషయంలో స్పెన్సర్ గారి అనుభవమే మా పెద్దాడికీ అయింది. ఫ్రిజ్‌లో ఉన్న ఉడికిన గుడ్డుని పెంకుతో సహా పెట్టాడు. బాంబు పేలినంత చప్పుడు, తలుపు దానంతటదే తెరుచుకుంది, పచ్చసొన పై గోడకి అతుక్కుంది. లోపల ఆవిరికి దారి లేకపోతే అంతే. పెంకు తీసినా సొన చుట్టూ పొర ఉంటుంది కాబట్టి సగానికి కోసి పెట్టాలి. బంగాళాదుంపకీ వంకాయకీ ఫోర్కుతో నాలుగు పోట్లు పొడవాలి. మంచినీళ్ల సంగతి ఇంకా మోసం. నున్నటి గాజు గ్లాసులో ఉత్త నీళ్లు మూడు నాలుగు నిమిషాలు పెడితే, ఒక్కోసారి మరుగు స్థాయి దాటినా బుడగ కూడా రాకుండా అమాయకంగా ఉంటాయి, తీసి కాఫీ పొడి వెయ్యగానే ఒక్కసారిగా పైకి ఎగదన్ని చెయ్యి కాలుస్తాయి. అందులో ముందే ఒక చెక్క గరిటో చెక్క పుల్లో వేసి పెట్టడం మంచిది. కాఫీకి నేను మళ్లీ స్టవ్‌కే వెళ్లిపోయాను, డికాషన్ కాఫీ తాగేవాళ్లకి ఈ గొడవ లేనే లేదు.

మా ఊళ్లో ఈ పెట్టె తన పేరు నిలబెట్టుకున్నది మాత్రం అప్పడంతో. నూనె వద్దని డాక్టరు చెప్పిన ఇళ్లలో అప్పడం లేక అన్నం దిగక ఎంత బాధపడతారో మీకు తెలుసు. మినప్పప్పు అప్పడానికి వేలితో రెండు వైపులా నాలుగు చుక్కల నూనె రాసి, తిరిగే పళ్లెం మీద పెట్టి నలభై సెకన్లు. ముందు ఏమీ జరగదు. తర్వాత ఒక మూల తెల్లటి మచ్చ లేస్తుంది, దాని పక్కన ఇంకోటి, చూస్తుండగా అప్పడం ఒళ్లు విరుచుకున్నట్టు వంకర్లు తిరిగి పొంగుతుంది. ఎక్కడైనా పసుపుపచ్చగా పొంగకుండా ఉండిపోతే తిప్పి ఇంకో పది సెకన్లు. వేయించిన అప్పడం రుచి ముమ్మాటికీ రాదు, నిప్పుల మీద కాల్చిన రుచీ రాదు, రెంటికీ నడుమ ఏదో. అయినా తినొచ్చు.

పిల్లలున్న ఇళ్లవాళ్లు ఒక పని చేసి చూడండి. తిరిగే పళ్లెం తీసేసి, అప్పడం తిరగకుండా ఏర్పాటు చెయ్యండి, అంటే నడుమనున్న తిరిగే ముక్క మీద ఒక గాజు గిన్నె బోర్లించి, అది కదలకుండా, దాని మీద ఒక పళ్లెం, పళ్లెంలో పెద్ద అప్పడం. ఇరవై సెకన్లకి ఆపి తీస్తే, అప్పడం అంతా పొంగదు, మచ్చలు మచ్చలుగా పొంగుతుంది. పెట్టెలో తరంగాలు గోడలకి కొట్టుకుని ఒకదాని మీద ఒకటి పడి, కొన్ని చోట్ల బలంగా, కొన్ని చోట్ల అసలు లేకుండా నిలబడిపోతాయి. ఆ బలమైన చోట్లే ఈ మచ్చలు. పళ్లెం తిప్పేది అందుకే. మా పెద్దాడు స్కేలు పెట్టి పక్కపక్క మచ్చల మధ్య దూరం కొలిచాడు, దాదాపు 6 సెంటీమీటర్లు. అది తరంగం పొడవులో సగం, అంటే మొత్తం 12. దాన్ని ఓవెన్ వెనక చీటీ మీద అచ్చు వేసిన 2450 మెగాహెర్ట్జ్‌తో హెచ్చిస్తే సెకనుకి 2,94,000 కిలోమీటర్లు వచ్చింది. కాంతి వేగం 2,99,792. బడా బజార్‌లో కొన్న అప్పడం మీద కాంతి వేగం కొలిచామంటే మా అత్తగారు "కొలిచినాక తినీవచ్చా?" అన్నారు. తిన్నాం కూడా.

మీరు ఇప్పుడు వింటున్న ఈ మాట కూడా అలాంటి తరంగం మీదే మీ ఇంటికి వచ్చింది, పొడవులోనే తేడా. ఎఫ్.ఎం. తరంగం పొడవు దాదాపు 3 మీటర్లు, ఓవెన్‌ది జానెడు కంటే తక్కువ. ఇంట్లో వైఫై వాడే ఫ్రీక్వెన్సీల్లో ఒకటి ఓవెన్‌ దానికి దగ్గరిదే, అందుకే ఒక్కోసారి కూర వేడి చేసేటప్పుడు పిల్లల ఆన్‌లైన్ ఆట తడబడుతుంది, "అమ్మా, ఆపు!" అని కేకలు. ఓవెన్ తలుపు అద్దంలో కనిపించే చిల్లుల జల్లెడ ఊరికే అందానికి పెట్టింది కాదు, ఆ చిల్లులు మిల్లీమీటరూ రెండు మిల్లీమీటర్లూ ఉంటాయి కాబట్టి వెలుగు దాటుతుంది, 12 సెంటీమీటర్ల తరంగం దాటలేదు. తలుపు వంగినా, సరిగ్గా పడకపోయినా మాత్రం వాడొద్దు. స్విచ్ ఆపాక తిండిలో ఏదో మిగిలిపోతుందన్న భయం అక్కర్లేదు, దీపం ఆర్పాక గదిలో వెలుగు మిగలదు కదా. మా ఇంట్లో ఈ ఒక్క మాటా పనిచేసింది, మా అత్తగారు గడప దాటి లోపలికి వచ్చారు.

చేతకాని పనులూ దానికి బోలెడు. మా పక్కింటి ఒడియా ఆవిడ, మేం ఆవిణ్ణి అప్పా అంటాం, ఛెనా పొడొ అనే ఒడియా మిఠాయి దీంట్లో చెయ్యొచ్చా అని ఆశగా అడిగారు. విరిగిన పాల ముద్ద, చక్కెర, రవ్వ కలిపి పెట్టాం. ఉడికింది, కానీ తెల్లగా, మెత్తగా, ఆసుపత్రిలో పెట్టే పుడ్డింగులా. పొడొ అంటేనే కాలినది అని అర్థం. నీళ్లున్నంతసేపూ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, పైన గోధుమరంగు తేలాలంటే 140 వరకైనా పోవాలి. కన్వెక్షన్ ఓవెన్లో విడిగా కాయిల్ ఉంటుంది కాబట్టి దాంట్లో అవుతుంది, మా ఉత్త మైక్రోవేవ్‌లో కాదు. గారెలు పెడితే రబ్బరు. చపాతీ ముప్పై సెకన్లు ఎక్కువైతే అట్టముక్క. ఇడ్లీ మాత్రం, నాలుగు చుక్కల నీళ్లు చల్లి గిన్నె బోర్లించి పెడితే, పొద్దున్న పాత్రలోంచి తీసినట్టే వస్తుంది.

అన్నం గురించి ఒక్క మాట, సరదాకి కాదు. రాత్రి అన్నం బయటే వదిలేసి, పొద్దున్న దీంట్లో వేడి చేస్తే పోతుందిలే అనుకోవద్దు. అన్నంలో పెరిగే ఒక బాక్టీరియా వదిలే విషం వేడికి పోదు. మిగిలితే తొందరగా ఫ్రిజ్‌లో పెట్టాలి. మార్చి 20న ఇక్కడ పఖాళ దిబస చేస్తారు, నీళ్లన్నం, పెరుగు, ఉల్లిపాయ, వేయించిన బడి, అంటే మన వడియాలు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ పళ్లెం ముందు కూర్చున్నప్పుడు మైక్రోవేవ్ వైపు చూడబుద్ధి కూడా కాదు.

కరెంటు బిల్లు సంగతి చాలామంది అడుగుతారు. 800 వాట్ల ఓవెన్ గోడ నుంచి లాగేది 1200 వాట్ల వరకు, అంటే యాభై నిమిషాలు ఆపకుండా నడిస్తే ఒక యూనిట్. రోజూ నాలుగైదు నిమిషాలకి టెన్షన్ ఎందుకు? కాకపోతే ఇంటి ఇన్వర్టరు మీద నడవదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా వీధిలో చెట్లూ స్తంభాలూ కలిసే పడ్డాయి, కరెంటు రావడానికి రోజులు పట్టింది, ఆ తెల్లటి పెట్టెలో కొవ్వొత్తులూ అగ్గిపెట్టెలూ తడవకుండా దాచుకున్నాం. వంట కిరోసిన్ స్టవ్ మీద, వార్తలు బ్యాటరీ రేడియోలో. ఆ స్టవ్ వెలిగించడం మాలో మా అత్తగారికి తప్ప ఎవరికీ రాలేదు.

ఈ ప్రసంగం వచ్చే వేళకి ఆవిడ వంటింట్లో రేడియో పెట్టుకునే ఉంటారు. బూరె సంగతి ఊరందరికీ చెప్పేశానని వినే ఉంటారు, ఏమంటారో ఇంటికి వెళ్తే గానీ తెలియదు. ఉంటాను, నమస్కారం.