ముందు తీగ చూడండి

సభకు నమస్కారం. పెద్దల పేర్లన్నీ ఇంతకుముందే చదివారు కనుక నేను నేరుగా విషయంలోకి వస్తాను. చిన్న మైక్రోకంట్రోలర్‌తో, అంటే ఒకే చిప్పులో ఇమిడిన బుల్లి కంప్యూటరుతో, వందల రంగుల ఎల్‌ఈడీలను ఎలా ఆడించాలో చెప్పమన్నారు.

మీ బల్లల మీదున్న స్ట్రిప్పులో ప్రతి ఎల్‌ఈడీలోనూ ఒక బుల్లి చిప్పు ఉంది. డబ్ల్యూఎస్ 2812బి దాని పేరు. పంక్తిలో ప్రసాదం పళ్ళెం అందినట్టు, మొదటి ఎల్‌ఈడీ తన వంతు 24 బిట్లు తీసుకుని మిగతావి పక్కదానికి పంపిస్తుంది. బిట్టుకు 1.25 మైక్రోసెకన్లు, అంటే ఎల్‌ఈడీకి 30. మూడువందల ఎల్‌ఈడీలకు రంగులు పంపడానికి 9 మిల్లీసెకన్లు చాలు. ఒక్కోదానికి 3 బైట్ల చొప్పున 900 బైట్లు. ఆర్డుయినో ఊనో అనే మైక్రోకంట్రోలర్ బోర్డుకున్న 2 కిలోబైట్ల ర్యామ్‌లో హాయిగా సరిపోతాయి. ఒకే ఒక్క పిన్నుతో ఇంత పని జరుగుతుంది. ఈ భాగం మీకు బాగా వచ్చు. నేను దిగులుపడేది రెండో భాగం గురించి, అంటే కరెంటు గురించి.

పూర్తి తెలుపులో ఒక్కో ఎల్‌ఈడీ దాదాపు 60 మిల్లీఆంపియర్లు లాగుతుంది. మూడువందలకు లెక్క కట్టండి: 18 ఆంపియర్లు! ల్యాప్‌టాప్ యూఎస్‌బీ పోర్టు ఇచ్చేది సాధారణంగా అర ఆంపియరు.

గాజువాకలో ఒక దసరా పందిట్లో నేను కళ్ళారా చూశాను. అమ్మవారి వెనుక తోరణమంతా తెల్లగా వెలగాలి. మొదట్లో తెలుపే. నడుమకు వచ్చేసరికి పసుపు, కొసన ఎరుపు. కుర్రాళ్ళు ప్రోగ్రాములో రంగుల అంకెలు మారుస్తూ కూర్చున్నారు. సీరియల్ సెట్లు కట్టే మేస్త్రి ఒకాయన వచ్చి తీగను రెండు వేళ్ళతో పట్టుకున్నారు. "బాబూ, తీగ కాలుతోంది. ప్రోగ్రాము జోలికి పోకండి" అన్నారు. కొసన మీటరు పెడితే ఐదు వోల్టులు ఉండాల్సిన చోట మూడున్నర దగ్గర ఆగింది. ఆయన పవర్ సప్లై నుంచి లావుపాటి తీగ జత ఒకటి నేరుగా కొసకు లాగారు. తోరణం తెల్లబడింది.

ఎరుపే ఎందుకు మిగిలింది? ఎర్ర ఎల్‌ఈడీ వెలగడానికి సుమారు 2 వోల్టులు చాలు, నీలానికి, ఆకుపచ్చకు 3 దాకా కావాలి. వోల్టేజి పడిపోతే ముందు నీరసించేవి అవే. ఆ నీలం కోసం ప్రపంచం ఎంత ఎదురుచూసింది! ఎర్ర ఎల్‌ఈడీ 1962లోనే వచ్చింది. ప్రకాశవంతమైన నీలం 1990లలో గానీ రాలేదు. దాన్ని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు నోబెల్ ప్రకటించినది 2014 అక్టోబరు 7న. సరిగ్గా ఐదు రోజులకు హుద్‌హుద్ తుఫాను మన విశాఖ మీద పడింది. ఊరంతా చీకటి. ఆ చీకట్లో స్తంభాలెక్కి మనకు వెలుగు తిరిగి తెచ్చింది లైన్‌మన్లు. మీలో చాలామంది అప్పటికి పసిపిల్లలు; మీ అమ్మానాన్నలను అడగండి.

మళ్ళీ పందిరికి వస్తాను. మర్నాడు సభలో కుర్రాళ్ళకు శాలువాలు కప్పారు. సంతోషమే. మేస్త్రిని మాత్రం ఎవరూ వేదిక మీదికి పిలవలేదు. ఆయన జనంలో వెనుక నిలబడి చూసి వెళ్ళిపోయారు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. లోడు లెక్క, తీగ మందం, ఫ్యూజు, వాన పడితే 230 వోల్టుల జాయింటును ఎక్కడ దాచాలో ఆయన చేతివేళ్ళకు తెలుసు. బీచ్ రోడ్డు ఉప్పుగాలికి సోల్డరింగు ఎంత త్వరగా పచ్చబడి ఊడిపోతుందో కూడా.

అమ్మాయిలూ, అబ్బాయిలూ, ఇప్పుడు స్విచ్ వేయకండి. బోర్డు గ్రౌండూ పవర్ సప్లై గ్రౌండూ, అంటే రెండింటి నెగటివ్ తీగలూ, కలిశాయో లేదో చూసుకోండి. డేటా తీగలో మూడు నాలుగువందల ఓమ్‌ల రెసిస్టరు, సప్లై దగ్గర వెయ్యి మైక్రోఫారడ్ల కెపాసిటరు పెట్టండి. పవర్ తీగలు స్ట్రిప్పు రెండు కొసలకూ ఇవ్వండి.

ప్రిన్సిపాల్ గారూ, తమరికి ఒక విన్నపం. వచ్చే బ్యాచ్‌కు ఈ రెండో భాగం నాచేత చెప్పించకండి. అలాంటి మేస్త్రిని పిలిపించండి. ఆయనకు ఇదే కుర్చీ వేయించి, నాకిచ్చే పారితోషికమే ఆయనకూ ఇప్పించండి.