యాంటీటమ్ గురించి ఎందుకు మాట్లాడుకోవాలంటే

అందరికీ నమస్కారం. అమెరికా అంతర్యుద్ధం అనగానే చాలామంది గెటీస్‌బర్గ్ పేరే చెబుతారు. నేను మాత్రం అంతకు తొమ్మిది నెలల ముందు, 1862 సెప్టెంబర్ 17న, మేరీలాండ్‌లో షార్ప్స్‌బర్గ్ అనే చిన్న ఊరి పక్కన, యాంటీటమ్ వాగు ఒడ్డున జరిగిన పోరు గురించి చెబుతాను. ఎందుకంటే అసలు ఈ యుద్ధం దేనికోసం అన్న ప్రశ్నకు జవాబు మారింది ఆ పోరు తర్వాతే.

బానిసత్వాన్ని వదలని దక్షిణాది రాష్ట్రాలు దేశం నుంచి విడిపోతే, దేశాన్ని ఒక్కటిగా ఉంచాలని ఉత్తరాది చేస్తున్న యుద్ధమిది. ఆ వేసవంతా ఉత్తరాదికి దెబ్బ మీద దెబ్బ. ఆగస్టు చివర్లో బుల్ రన్ దగ్గర రెండోసారి ఓడిపోయారు, ఇంకా తేరుకోకముందే దక్షిణాది జనరల్ రాబర్ట్ లీ పొటోమాక్ నది దాటి వచ్చేశాడు. దక్షిణాదిని వేరే దేశంగా గుర్తించాలా అని బ్రిటన్, ఫ్రాన్స్ ఆలోచిస్తున్న రోజులవి. బానిసల విముక్తి ప్రకటన ముసాయిదా జులై నుంచే లింకన్ దగ్గర రెడీగా ఉంది. కానీ ఇన్ని ఓటముల మధ్య బయటపెడితే దిక్కుతోచక చేసిన పని అనుకుంటారు, ఒక్క గెలుపు వచ్చేదాకా ఆగమని మంత్రి సీవార్డ్ సలహా ఇస్తే ఆయన ఆగాడు. ఒకసారి ఆలోచించండి, దాదాపు 40 లక్షల మంది బానిసలుగా బతుకుతుంటే ఆ కాగితం అలా సొరుగులో ఉండిపోయింది.

సెప్టెంబర్ 13న ఫ్రెడరిక్ ఊరి బయట ఉత్తరాది సిపాయిలకు గడ్డిలో మూడు చుట్టలు దొరికాయి. వాటి చుట్టూ ఒక కాగితం. విప్పి చూస్తే లీ తన సైన్యాన్ని ఎన్ని ముక్కలు చేసి ఎటెటు పంపుతున్నాడో చెప్పే ఆర్డర్! అంత అదృష్టం చేతికొచ్చినా జనరల్ మెక్‌లెల్లన్ సైన్యం కదిలేసరికి మర్నాడైంది, నాకు ఇప్పటికీ ఒళ్లు మండేది ఇక్కడే.

17న తెల్లవారుతూనే మిల్లర్ అనే రైతు మొక్కజొన్న చేలో పోరు మొదలైంది. అక్కడ పోరాడిన ఉత్తరాది జనరల్ హుకర్ తర్వాత తన రిపోర్టులో రాశాడు: చేనంతా కత్తితో కోసినట్టు నేలమట్టమైందట, చనిపోయినవాళ్లు వరసలో ఎలా నిలబడ్డారో అలాగే పడి ఉన్నారట. తర్వాత బండ్లు తిరిగి తిరిగి పల్లమైపోయిన ఒక దారి శవాలతో నిండిపోయింది, దాన్ని ఇప్పటికీ నెత్తుటి సందు అనే పిలుస్తారు. చీకటి పడేసరికి రెండు వైపులా కలిపి చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు, గల్లంతైనవాళ్లు దాదాపు 23,000 మంది.

నిజానికి మైదానంలో ఎవరూ స్పష్టంగా గెలవలేదు. మెక్‌లెల్లన్ దగ్గర బరిలోకి దించని బలగం ఇంకా బోలెడుంది, అయినా మర్నాడు దాడి చేయలేదు. ఆ రాత్రి లీ నది దాటి వెనక్కి వెళ్లిపోయాడు. లింకన్‌కు ఆ మాత్రం చాలు, సెప్టెంబర్ 22న ముసాయిదా బయటపెట్టి, జనవరి 1 నుంచి తిరుగుబాటు ప్రాంతాల్లోని బానిసలంతా స్వతంత్రులే అన్నాడు. అవును, ఉత్తరాది వైపే ఉన్న బానిస రాష్ట్రాలకు అది వర్తించలేదు, ఆ లోటు చిన్నది కాదు. కానీ ఇక బ్రిటన్ దక్షిణాదికి బాహాటంగా కొమ్ముకాయడం కష్టమైపోయింది. నల్లజాతివాళ్లు తుపాకీ పట్టడానికి దారి తెరుచుకుంది, యుద్ధం ముగిసేలోపు సుమారు 1,80,000 మంది ఉత్తరాది సైన్యంలో చేరారు.

1865 ఏప్రిల్ 9న వర్జీనియాలోని అపొమాటాక్స్ దగ్గర లీ లొంగిపోయిన రోజు, ఆయన దారికి అడ్డంగా నిలబడ్డ సైన్యంలో వాళ్ల రెజిమెంట్లూ ఉన్నాయి.