ఒకే బొమ్మ, రెండు గొంతులు: సరిహద్దు జాతరను టీవీ ఎలా చూపించాలి

[తెరపై: రాత్రివేళ ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దుకు దగ్గరున్న బరంపురంలోని దేశిబెహరా వీధి. ఘటాలు తలకెత్తుకుని నడిచివస్తున్న స్త్రీలు. డప్పుల చప్పుడు.]

వ్యాఖ్యానం: రెండేళ్లకొకసారి బుడి ఠాకురాణి అమ్మవారు గుడి విడిచి పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టిల్లు ఈ వీధిలో వేసిన తాత్కాలిక మండపం. చేనేత పనివారైన డేరా సమాజపు పెద్దను దేశిబెహరా అంటారు, ఆయనే అమ్మవారికి తండ్రి స్థానంలో నిలుస్తాడు. ఆ నేతపనివారి పూర్వికులు రాజమహేంద్రవరం వైపు నుంచి వచ్చారని చెప్పుకొంటారు. అందుకే ఈ జాతరలో పిలుపు ఒడియాలో వినిపిస్తే బదులు తెలుగులో రావడం మామూలే.

మరి ఈ జాతరను టీవీలో చూపించవలసింది ఎవరు?

[తెరపై: పటం. భువనేశ్వర్, బరంపురం, విజయవాడ.]

1990 నాటి ప్రసార భారతి చట్టం, దేశంలోని వివిధ ప్రాంతాల సంస్కృతులకూ భాషలకూ తగినంత చోటివ్వడాన్ని ప్రభుత్వ ప్రసార సంస్థ బాధ్యతల్లో ఒకటిగా పేర్కొన్నది. ఆచరణలో ఆ బాధ్యతను రాష్ట్రాలవారీగా పంచుకున్నారు. ఒడిశాకు భువనేశ్వర్‌లో దూరదర్శన్ ఒడియా ఉంది, ఆంధ్రప్రదేశ్‌కు విజయవాడలో దూరదర్శన్ సప్తగిరి ఉంది. బరంపురానికి భువనేశ్వర్ సుమారు 170 కిలోమీటర్లు, విజయవాడ 600 కిలోమీటర్ల పైమాటే. బరంపురం తెలుగువాళ్లమైన మనం ఒకరికి ఇంట్లో ఉన్న వేరే భాషవాళ్లం, మరొకరికి పొరుగూళ్లో ఉన్న సొంత భాషవాళ్లం. ఒడిశాలోని మరో సరిహద్దు పట్టణం పర్లాకిమిడిలోనూ 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పటి నుంచీ ఇదే వరస.

[తెరపై: రేఖాచిత్రం. ఉపగ్రహం నుంచి ఒక దృశ్యధార, దానితో రెండు ధ్వనిధారలు.]

దీనికి దారి చూపగల ప్రయోగం మన దేశంలోనే జరిగింది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు, అమెరికా ఉపగ్రహం ఒకదాని సాయంతో, ఆంధ్రప్రదేశ్, ఒడిశా సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందించారు. అందులో ఒకే దృశ్యానికి రెండు ధ్వనిమార్గాలు ఉండేవి కనుక, బొమ్మ మార్చకుండానే ఒక ఊరికి ఒక భాష, మరో ఊరికి మరో భాష వినిపించే వీలుండేది. యాభై ఏళ్ల కిందటే సాధ్యమైన పని ఇప్పుడు కష్టమని ఎవరైనా అంటే నమ్మడం కష్టం.

అయితే బరంపురానికి అదొక్కటే చాలదని నా అభిప్రాయం. మగ్గం ముందు కూర్చున్న మనిషిని పలకరించండి. నూలు ధర గురించి ఒడియాలో మొదలుపెట్టి, అంచు గురించి తెలుగులోకి వచ్చి, మధ్యలో మనవణ్ణి ఏ భాషలో కసిరాడో తనకే గుర్తుండదు. ఆ మాటల మీద వేరొకరి గొంతు అతికిస్తే పోయేది అసలు సరుకే. ఆయన గొంతును అలాగే ఉంచి, అడుగున రెండు లిపుల్లోనూ అక్షరాలు వేస్తే సరిపోతుంది.

[తెరపై: బరంపురం పట్టుచీర అంచు, బాగా దగ్గరగా. వెనక మగ్గం చప్పుడు.]

ఇక కెమెరా సంగతి. ఇటీవల ప్రతి జాతరనూ ఆకాశం నుంచి డ్రోన్‌తో తీస్తున్నారు. పైనుంచి చూస్తే జనసముద్రం ఏ ఊళ్లోనైనా ఒకలాగే ఉంటుంది. దగ్గరికి వస్తేనే ఈ ఊరి పట్టుచీర అంచున గుడిశిఖరాల్లా వరుసగా లేచిన కుంభాలు కనబడతాయి. ఒంటినిండా పసుపు, నలుపు చారలు పూయించుకుని పులివేషానికి సిద్ధమవుతున్న కుర్రవాడు, రంగు ఆరేదాకా ఎక్కడా ఆనుకోకుండా చేతులు చాపి నిలబడడమూ దగ్గరికి వస్తేనే కనబడుతుంది. మొక్కు తీర్చుకోవడానికి వేసే ఆ వేషం వీధిలో ఆడేది కాసేపే, దాని వెనక గంటల ఓపిక ఉంది. అరగంట కార్యక్రమంలో పది నిమిషాలు ఆ ఓపికకే ఇవ్వాలి. నాయకుల ప్రారంభోపన్యాసాలకు అర నిమిషం ధారాళం.

[తెరపై: ఇంటి గడప. ఘటం మోస్తున్న స్త్రీ ఆగుతుంది. ఆ ఇంటి ఇల్లాలు పసుపునీళ్లు పోస్తుంది. వ్యాఖ్యానం లేదు. అడుగున తెలుగు, ఒడియా అక్షరాలు.]